నాయనమ్మ చెప్పిన కథలతో చారిత్రక నవల రాయొచ్చా? వాటిని ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది పాలకొల్లు దగ్గర పల్లె, ఉద్యోగం బెంగళూరులో. మీ నాయనమ్మగారికి ఎనభై నాలుగేళ్లు. ఆవిడ తన తాతగారి గురించి మూడు సంగతులు ఎప్పుడూ చెబుతుంటారు. ఆయన ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కూలీల్లో ఒకరు, ఉప్పెనలో తాటిచెట్టు పట్టుకుని బతికారు, ధాత కరువు కళ్లారా చూశారు. వీటితో చారిత్రక నవల రాయాలని మీ కోరిక. ఇందులో ఎంత నిజమో తేల్చుకోలేకపోతున్నారు. ఇంట్లోవాళ్లు ఏమంటారోనని టెన్షన్. పైగా ఉద్యోగంతో తీరిక దొరకడం లేదు.

సూటిగా చెబుతాను. రాయండి. ఆవిడ చెప్పే పనులను, వస్తువులను, భయాలను నమ్మండి. ఏళ్లను, అంకెలను, ఎవరు మంచివాళ్లు ఎవరు చెడ్డవాళ్లు అనే తీర్పులను సరిచూసుకోకుండా వాడొద్దు. పెద్ద సంఘటనలు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ కాలంలో ఒక మామూలు మంగళవారం ఎలా గడిచేదో మాత్రం ఇళ్లలోనే దొరుకుతుంది. నవల నిలబడేది ఆ మంగళవారం మీదే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. గోదావరి డెల్టా నేపథ్యంగా, పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల మీద నవలలు రాశాను, ఇప్పటికీ రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా ఆ అనుభవంలోంచే.

ముందు మీ తాతగారి ఆనకట్ట సంగతి చూద్దాం. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. మీ నాయనమ్మగారు 1940 ప్రాంతంలో పుట్టారనుకుంటే, వాళ్ల తాతగారు పుట్టింది 1880కి అటూ ఇటూ. అంటే ఆనకట్ట కట్టేనాటికి కూలికి వెళ్లే వయసున్నది ఆయనకు కాదు, ఆయన తాతకు. చాలామంది ఈ లెక్క వేసి, ఇదంతా కట్టుకథ అని వదిలేస్తారు. అలా తొందరపడొద్దు. ఇక్కడ రెండు అవకాశాలున్నాయి. ఒకటి, తరాలు కలిసిపోయాయి. ముత్తాత కథ తాత ఖాతాలో పడటం ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి ఇంకా తేలిగ్గా జరుగుతుంది.

రెండోది నాకు ఎక్కువ ఆసక్తిగా ఉంది. ఆనకట్ట 1852తో అయిపోలేదు. 1862-67 మధ్య దాని ఎత్తు రెండడుగులు పెంచారు. 1897-99 మధ్య మరో తొమ్మిది అంగుళాలు పెంచారు. 1880లో పుట్టిన కుర్రవాడికి 1897లో పదిహేడేళ్లు. ఆ పనికి వెళ్లి ఉంటే, ఆ ఇంట్లో "మా తాత ఆనకట్ట కట్టాడు" అని చెప్పుకోవడంలో అబద్ధం ఏమీ లేదు. ఇంకో సంగతి చూడండి. సరిగ్గా అదే కాలంలో, కొద్ది మైళ్ల ఎగువన రాజమండ్రి దగ్గర హేవలాక్ రైలు వంతెన కడుతున్నారు. పని 1897లో మొదలైంది, 1900లో రైలు నడిచింది. అంటే మీ కుర్రవాడు నదిలో నిలబడి ఒకవైపు నీటిని ఆపే గోడ పెరగడం, ఇంకోవైపు నీటిని దాటే స్తంభాలు లేవడం ఒకే ఏడాది చూశాడన్నమాట. కాటన్ కథ ఇప్పటికే చాలామందికి తెలుసు. మీ నాయనమ్మగారి మాటను విసిరేయకుండా లెక్క కట్టడం వల్ల, ఎవరూ పెద్దగా పట్టించుకోని మూడేళ్లు మీ చేతికొచ్చాయి. నేనైతే నవల అక్కడే మొదలుపెడతాను.

ఒక్క జాగ్రత్త. ఇప్పుడు మనం బస్సులో దాటే బ్యారేజీ ఆ ఆనకట్ట కాదు. అది 1970లలో మొదలై 1982లో పూర్తయింది. పాతది రాతి అడ్డకట్ట, దాని మీద నుంచి నీళ్లు పొర్లేవి. నదిలోని లంకల వల్ల ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. ధవళేశ్వరం కొండ నుంచి రాయి తేవడానికి పట్టాలు వేశారు. మీ కథలో ఎవరూ "గేట్లు ఎత్తండి" అనకూడదు.

ఉప్పెన సంగతి ఇంకాస్త చిక్కు. మన తీరంలో 1839 నవంబరులో కోరంగిని ముంచిన ఉప్పెన ఉంది. 1864 నవంబరు 1న బందరును ముంచినది ఉంది. అందులో ముప్పై వేలమంది వరకు పోయారని అంచనా. ఈ రెండూ మీ తాతగారు పుట్టకముందువే. ఆ తర్వాత తుఫానులు చాలా వచ్చాయి కాబట్టి ఆయన ఏదో ఒకదాంట్లో చిక్కుకుని ఉండొచ్చు. కానీ ఇక్కడ ఇంకో పొర ఉంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన నాటికి మీ నాయనమ్మగారికి ముప్పై అయిదు దాటాయి. కళ్లతో చూసినా, రేడియోలో విన్నా, పేపర్లో ఫొటోలు చూసినా, ఆ దృశ్యాలు ఆవిడ మనసులో ముద్ర పడే ఉంటాయి. చిన్నప్పుడు విన్న తాతగారి కథ మీద, పెద్దయ్యాక చూసినది వచ్చి కూర్చుంటుంది. ఆవిడను తప్పుపట్టాల్సిన పని లేదు, జ్ఞాపకం నడిచే తీరే అంత. రాసేవాళ్లు మాత్రం పొరలు విడదీసుకోవాలి. ఆవిడ ఉప్పెన గురించి చెప్పేటప్పుడు హెలికాప్టరు, అన్నం పొట్లాలు, సహాయ శిబిరం లాంటి మాట దొర్లిందంటే ఆ ముక్క 1977ది. తాటిచెట్టు, నడుముకు కట్టుకున్న పంచె, తెల్లారాక ఉప్పునీళ్లతో చచ్చిన వరి లాంటివి ఎప్పటివైనా కావచ్చు. అవి మీరు వాడుకోవచ్చు.

"ధాత కరువు" అన్న మాటలోనే ఏడాది ఉంది. మన పెద్దవాళ్లకు ఇంగ్లీషు సంవత్సరాలు గుర్తుండవు, తెలుగు సంవత్సరం పేరు గుర్తుంటుంది. నందన కరువు అంటే 1832-33. గుంటూరు ప్రాంతంలో మూడోవంతు జనాన్ని తినేసిన కరువు అది. ధాత కరువు అంటే 1876-78. రాయలసీమను తుడిచిపెట్టిన కరువు. అయితే ఈ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. ధాత 1876లో వచ్చింది, 1936లో వచ్చింది, మళ్లీ 1996లో వచ్చింది. కోనసీమను ఊడ్చేసిన 1996 నవంబరు తుఫాను కూడా ధాతలోనే. అందుకని ఇంట్లో ఎవరైనా సంవత్సరం పేరు చెబితే, ఆ పక్కనే ఇంకో ఆనవాలు అడగండి: అప్పటికి ఊళ్లో ఎవరి పెళ్లయింది, బస్సు వచ్చిందా, కరెంటు ఉందా అని. పాత భూమి కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, కనిపిస్తుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ జులై 1న మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి జూన్ వరకు ఉన్న తేదీలకు ఇంకొకటి కలుపుకోవాలి.

ఇక అడిగే తీరు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే.

"అప్పట్లో ఎలా ఉండేది నాయనమ్మా?" అని అడిగితే "ఆ రోజులే వేరు నాయనా" అంటారు. అక్కడితో కథ ఆగిపోతుంది. పని గురించి అడగండి. ధాన్యం ఎక్కడ పోసేవారు, ఎవరు కొలిచేవారు, ఆడవాళ్లు ఎక్కడ నిలబడేవారు, రాత్రి దీపం ఎవరు ఆర్పేవారు. వీలైతే వస్తువు చేతికివ్వండి.

మా అత్తగారు చివరి రెండేళ్లు మంచం మీదే ఉన్నారు. మనుషుల పేర్లు కలిసిపోయేవి, నన్ను ఒక్కోసారి వాళ్ల చెల్లెలనుకునేవారు. ఒక మధ్యాహ్నం ఆవిడ ఒళ్లో చేట పెట్టి, కాసిని బియ్యం పోసి, పాత ఇత్తడి సోల చేతికిచ్చాను. ఎవరూ చెప్పకుండానే చెయ్యి కదిలింది. సోల ముంచి తీసి, "లాభం" అని పక్కన పోశారు. తర్వాత "రెండు", "మూడు". ఒకటి అనకుండా లాభం అనడం మీరూ వినే ఉంటారు. నాలుగో సోల దగ్గర చెయ్యి మారింది. అప్పటిదాకా గింజలు గుట్టగా నిలిచేటట్టు కొలిచారు. ఇప్పుడు అరచెయ్యి పైన ఆనించి, చదునుగా తుడిచేసి పోశారు. ఏమిటత్తయ్యా అని అడిగితే, "మనకు రావలసింది గుట్టగా కొలవాలి, కూలోళ్లకు ఇచ్చేది చదునుగా కొలవాలి. మా నాన్న నేర్పాడు" అన్నారు. ఎంతో మామూలుగా, వంట గురించి చెప్పినట్టే చెప్పారు.

ఆ ఇంటి గురించి, ఆ ఊరి గురించి, అక్కడ ఎవరి కడుపు ఎలా నిండిందో దాని గురించి ఆ ఒక్క అరచెయ్యి చెప్పినంత ఇంకేదీ నాకు చెప్పలేదు. ఆవిడను నేరుగా "మీ నాన్నగారు కూలీలను ఎలా చూసేవారు?" అని అడిగి ఉంటే "దేవుడిలాంటి మనిషి" అనేవారు. అదీ మనస్ఫూర్తిగానే అనేవారు.

అందుకే చెబుతున్నాను, నున్నగా వచ్చే కథను అనుమానించండి. ఇరవై ఏళ్లుగా ప్రతి సంక్రాంతికీ ఒకే మాటల్లో చెప్పిన కథ చెప్పీ చెప్పీ అరిగి నునుపెక్కి ఉంటుంది. అది చెడ్డదని కాదు, అందులో అసలు సంఘటన ఎంత మిగిలిందో తెలియదు. చెబుతూ చెబుతూ ఆగి, "ఆ... అప్పుడు మా అమ్మ చేతికి కట్టు ఉంది" అని సంబంధం లేకుండా దొర్లే చిన్న వివరం ఉంటుంది చూడండి, దాన్ని పట్టుకోండి. దాన్ని కల్పించి చెప్పే అవసరం ఎవరికీ ఉండదు. ఫోన్లో రికార్డు చేసేటప్పుడు ఇలాంటివి వచ్చిన నిమిషాన్ని నోట్ చేసుకోండి. ఒకే కథను కొన్ని నెలల ఎడంతో మళ్లీ చెప్పించండి. తేడా వచ్చిన చోట వాదించకండి, రెండూ రాసిపెట్టుకోండి.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం. మీ ఇంటి కథను మీ ఇంట్లోనే విని ఆగిపోకండి.

మా పుట్టింట్లో ఒక కథ ఉంది. ధాత కరువులో దక్షిణం నుంచి, పైనుంచి జనం డెల్టాకు నడిచి వచ్చారు. ఆనకట్ట పుణ్యమా అని ఇక్కడ పంట పండింది కాబట్టి ఇక్కడికొస్తే గంజైనా దొరుకుతుందని ఆశ. మా అమ్మమ్మ తాతగారు చావడి ముందు గాడిపొయ్యి తవ్వించి, వచ్చినవాళ్లందరికీ గంజి పోయించారని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. నేను ఒక నవల కోసం దీని మీద పనిచేస్తూ, ఆ వలస వచ్చి ఊళ్లోనే ఉండిపోయిన కుటుంబాల్లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. మా బళ్లో ఆయన మనవలకు పాఠం చెప్పాను కాబట్టి చనువు ఉంది. గంజి సంగతి ఎత్తాను. ఆయన అవునన్నాడు. "పోశారు టీచరుగారూ. మా ముత్తాతలు ఆ గంజి తాగే బతికారు. దానికి బదులు మూడేళ్లు మీ వాళ్ల పొలంలో ఊరికే చాకిరీ చేశారు. మా ఇంట్లో అది చెప్పుకుంటాం" అన్నాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. నాకు టీ ఇప్పించి పంపాడు.

గంజి పోశారన్నది నిజం, అది ప్రాణాలు నిలబెట్టిందన్నదీ నిజం. మూడేళ్ల చాకిరీ కూడా అంతే నిజమని నేను నమ్ముతున్నాను, మా అత్తగారి అరచెయ్యి చూశాక మరీ. ఒక ఇల్లు సగం గుర్తుంచుకుంది, ఇంకో ఇల్లు మిగతా సగం గుర్తుంచుకుంది. నవల రాసేవాళ్లు రెండిళ్లకూ వెళ్లాలి. ఇది ఎవరినో మెప్పించడానికి చెప్పే మాట కాదు. ఒక్క ఇంటి కథతో రాసిన చారిత్రక నవల ఎంత బాగున్నా వంశచరిత్ర దగ్గరే ఆగిపోతుంది.

మీది కూలి చేసిన కుటుంబం అంటున్నారు కాబట్టి మీకు ఎదురయ్యే ఇబ్బంది వేరే. కాగితాల్లో మీవాళ్లు కనిపించరు. ఆనకట్ట రికార్డుల్లో కాటన్ ఉంటాడు, ఆయనకు కుడిభుజంగా పనిచేసిన వీణం వీరన్నగారు ఉంటారు. రాయి మోసిన వేలమంది పేర్లు ఉండవు. వాళ్లకోసం వెతికేటప్పుడు పేర్ల కోసం కాకుండా పరిస్థితుల కోసం వెతకండి. గోదావరి జిల్లా మీద మోరిస్ రాసిన మాన్యువల్ 1878లో వచ్చింది, హెమింగ్‌వే గెజిటీర్ 1907లో వచ్చింది. రెండూ దొరలు దొరల కోసం రాసినవే. అయినా పంటలు, ధరలు, జబ్బులు, కాలువల మీద రాకపోకలు వాటిలో ఉంటాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి అసలు ఫైళ్లకు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. వెళ్లే ముందు జిల్లాల చరిత్ర తెలుసుకోకపోతే టైమ్ వృథా అవుతుంది. మీ నరసాపురం తాలూకా 1904 వరకు గోదావరి జిల్లాలో ఉంది, తర్వాత కృష్ణా జిల్లాలోకి వెళ్లింది, 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. ఏ ఏడాది కాగితం ఏ జిల్లా కట్టలో ఉంటుందో దీన్నిబట్టి చూసుకోవాలి.

ఊళ్లో ఇనాం భూములు, అంటే చేసిన సేవకో గుడికో మాన్యంగా ఇచ్చినవి, ఉంటే ఇనాం ఫెయిర్ రిజిస్టరు అడగండి. 1860ల ప్రాంతంలో ఇనాం కమిషన్ తయారు చేయించింది. ఎవరికి ఇనాం ఉంది, ఎలా వచ్చింది, అప్పటికి వాళ్ల వయసెంత లాంటివి అందులో ఉంటాయి. గుడి సేవకులు, గ్రామ నౌకర్లు, వడ్రంగి, మంగలి కుటుంబాలు కూడా కనిపిస్తాయి. పెద్ద రైతుల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి, ఇలాంటివాళ్లు దొరికే కాగితాలు తక్కువ. పాత పత్రికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం చూడండి. కృష్ణా పత్రిక 1902 నుంచి ఉంది. సంపాదకీయాల కంటే ప్రకటనల మీద ఎక్కువ సేపు గడపండి. ఏ మందు, ఏ దీపం, ఏ సబ్బు ఎప్పుడు అమ్ముడైందో అక్కడ తెలుస్తుంది.

రోజువారీ జీవితంలో పాఠకుడు పట్టేసే తప్పులు ఎక్కువగా వంటింట్లోనే దొర్లుతాయి. కాకతీయుల మీద రాస్తూ పచ్చిమిరపకాయ కొరికించేవాళ్లను చూశాను. మిరప పోర్చుగీసువాళ్ల తర్వాత వచ్చింది, రుద్రమదేవి వంటింట్లో ఉన్నది మిరియమే. మీ 1897 కథలో మిరపకు ఇబ్బంది లేదు. కానీ కూలి ఇంట్లో పొద్దున్నే కాఫీ పెట్టించకండి, చద్దన్నం పెట్టించండి. పొలంలో స్వర్ణ వరి వేయించకండి, అది మార్టేరు నుంచి 1982లో వచ్చింది. అక్కుళ్లు లాంటి పాత రకాలు మీ నాయనమ్మగారికి ఇంకా నాలుగు గుర్తుంటాయి, అడగండి. 1900కు ముందు ఎవరినీ రైల్లో గోదావరి దాటించకండి. మీ ఊరి నుంచి ధవళేశ్వరం వెళ్లాలంటే కాలువ మీద పడవ. గాలి లేనప్పుడు గట్టుమీద నుంచి మనుషులు తాడుతో లాగేవారు. లాకుల దగ్గర నీరు సమమయ్యేదాకా పడవలన్నీ ఆగేవి. ఆ ఆగిన చోట ఎంత సంభాషణ పెట్టుకోవచ్చో ఆలోచించండి. దూరం ఆమడల్లో, పొద్దు జాముల్లో నడపండి. జాము అంటే మూడు గంటలు, గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు.

ఇంకా వెనకటి కాలం రాసేవాళ్లకు మన కావ్యాలే గొప్ప ఆధారం. రాయలవారి ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానాకాలం అతిథులకు ఏం పెట్టాడో ఉంది. జడివానలో ఇంట్లోకి పొగ రాకుండా కొబ్బరి చిప్పలు పొయ్యిలో పెట్టి వండటం, వడియాలు, వరుగులు, పెరుగు. ఒక చక్రవర్తి పొయ్యిలోకి తొంగిచూసి రాశాడు. మనం చూడటానికి నామోషీ ఏముంది?

మీ చేతులతో కూడా కొంత చేసి చూడండి. తిరగలి సీను రాసే ముందు నేను పక్కింటివాళ్ల పాత తిరగలి తెచ్చి మినుములు విసిరాను. కాసేపటికే భుజం లాగేసింది. ఎదురుగా ఇంకో మనిషి కూర్చుని పిడి పట్టుకుంటే తప్ప ఊపు నిలవదు. ఇద్దరి ఊపూ కలవాలంటే పాట ఉండాలి. అత్తాకోడళ్లు మాట్లాడుకోకపోయినా ఒకే పాట పాడుతూ విసరాల్సిన పరిస్థితి అక్కడే నాకు తట్టింది. ఆ నవలలో అందరూ మెచ్చుకున్న సీను అదే.

ఇంట్లోవాళ్ల గురించి మీరు పడుతున్న టెన్షన్‌కు నా దగ్గర ఉన్న జవాబు ఇది. ముందే అనుమతి అడగకండి, అచ్చుకు ముందు తప్పకుండా చూపించండి. ముందే అడిగితే అందరూ వద్దంటారు, ఏం రాయబోతున్నారో వాళ్లకు తెలియదు కాబట్టి. మా కుటుంబంలో చిన్నప్పుడే భర్త పోయిన ఒకావిడ, వీరేశలింగంగారు 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన తర్వాతి రోజుల్లో, ఇల్లు వదిలి వెళ్లి మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఇంట్లో ఆవిడకు బతికుండగానే నీళ్లు వదిలేశారు. ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు. నేను ఊరు మార్చి, వరసలు మార్చి రాసి, ఆ అధ్యాయాలు మా పెదనాన్నగారికి ఇచ్చాను. తిడతారని మా అమ్మ భయపడింది. ఆయన చదివి, "ఆ రోజు మన ఇంట్లో పొయ్యి వెలిగించలేదట, మా నాయనమ్మ చెప్పేది. అది రాయలేదేం?" అన్నారు. ఆ తర్వాత ఇంకో గంట చెప్పారు. చూపిస్తే చాలామంది ఇలా కలుస్తారు. కలవనివాళ్లు కూడా ఉంటారు. బతికున్న మనిషికి నష్టం జరిగే విషయమైతే అది ఎంత గొప్ప సీను అయినా వదిలేయండి. ఆస్తి తగాదాలు కోర్టులో ఉంటే వాటి జోలికి అసలు వెళ్లకండి.

తీరిక గురించి. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, మంచం మీద అత్తగారు, వీటి మధ్యే నేను రాశాను. తెల్లవారుజామున అందరూ లేచేలోపు వంటింటి బల్ల మీద దొరికే గంటే నాది. రోజుకు ఒక పేజీ, ఒక్కోసారి నాలుగు లైన్లు. నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే. వెతికే రోజులు, రాసే రోజులు వేరు చేసుకున్నాను. రాస్తూ రాస్తూ "అప్పట్లో కూలి ఎంత?" అని సందేహం వస్తే అక్కడ ఖాళీ వదిలి, చుక్క పెట్టి ముందుకెళ్లాలి. అప్పుడే వెతకడం మొదలుపెడితే ఆ గంట ఆవిరైపోతుంది. పరిశోధన ఎంత చేసినా తనివి తీరదు, అది రాయకుండా ఉండటానికి చాలా గౌరవప్రదమైన సాకు కూడా. మీకు బెంగళూరు ట్రాఫిక్ ఉంది కదా. ఆఫీసుకు వెళ్తూ వస్తూ నాయనమ్మగారి రికార్డింగులు వినండి. ఆవిడ మాట తీరు, ఎక్కడ దీర్ఘం తీస్తారో, ఎక్కడ ఆగుతారో చెవికి పట్టేస్తుంది. రేపు మీ కథలో పాత్ర మాట్లాడేటప్పుడు ఆ పలుకే మీకు ఆధారం. 1897 నాటి పాత్రలు పుస్తకాల భాష మాట్లాడక్కర్లేదు. మీ ఊరి యాస మాట్లాడనివ్వండి, అప్పటికి లేని ఇంగ్లీషు మాటలు మాత్రం తీసేయండి, సరిపోతుంది.

మొదట మొత్తం నవల గురించి ఆలోచించకండి. పదిహేడేళ్ల కుర్రవాడు పనికోసం ఇల్లు వదిలి పడవెక్కిన ఒక్క రోజు రాయండి. మూటలో ఏముంది, వాళ్లమ్మ ఏమంది, పడవవాడికి ఏం ఇచ్చాడు, మొదటి లాకుల దగ్గర ఎవరు కలిశారు. ఈ నాలుగూ రాయగలిగితే మిగతాది ముందుకు నడుస్తుంది. రాయలేకపోతే ఇంకా ఏం అడగాలో మీకే తెలిసిపోతుంది.

ఈసారి ఊరెళ్లినప్పుడు మీ నాయనమ్మగారిని ఇంకో ప్రశ్న అడగండి: వాళ్ల తాతగారు ధవళేశ్వరం వెళ్లేటప్పుడు ఏ లాకుల దగ్గర పడవ ఎక్కేవారని చెప్పేవారు? ఆ పేరు ఇక్కడ రాయండి. ఏ కాలువ మీదదో, అక్కడి నుంచి దారిలో ఏయే ఊళ్లు తగులుతాయో నా దగ్గరున్న పాత పటాల్లో చూసి చెబుతాను.